మార్చుకోలేని వాటికే డబ్బు: తక్కువ బడ్జెట్‌లో మేలైన చిన్న ల్యాప్‌టాప్

తిరుపతిలో ఏ ల్యాప్‌టాప్ షాపుకెళ్లినా ధర చీటీ మీద కనబడేవి నాలుగే సంగతులు: ప్రాసెసర్ పేరు, ర్యామ్, స్టోరేజీ, తెర సైజు. 60 వేల లోపు దొరికే కొత్త మోడళ్లలో చాలావాటికి ఈ నాలుగూ బాగానే ఉంటాయి. లక్ష రూపాయల పైన అమ్మే సన్నని హై ఎండ్ మోడల్ పక్కనే పెట్టి చూస్తే దాని చీటీ మీదా దాదాపు ఇవే అంకెలు. దాంతో ఎవరికైనా ఒక అనుమానం వస్తుంది, ఆ పై 40 వేలు దేనికని. ఆ డబ్బంతా చీటీ మీద రాయని చోటికి వెళుతోంది. తెర వెలుగు, రంగులు, కీబోర్డు, టచ్‌ప్యాడ్, హింజ్‌లు, బాడీ గట్టితనం, బరువు, బ్యాటరీ. రోజూ చేతికీ కంటికీ తగిలేవి ఇవే. ల్యాప్‌టాప్ నాలుగైదేళ్లు నిలుస్తుందా, రెండేళ్లకే మూత ఊగిపోతుందా అన్నది తేల్చేవీ ఇవే.

బడ్జెట్ తక్కువైనప్పుడు ఒకే ప్రశ్నతో మొదలుపెట్టడం మేలు: కొన్నాక ఏది మార్చుకోగలం, ఏది మార్చుకోలేం? ఇల్లు కొనేటప్పుడు రంగులు తర్వాతైనా వేయించుకోవచ్చు, గాలీ వెలుతురూ వచ్చే దిక్కును మాత్రం మార్చలేం. ల్యాప్‌టాప్‌లో ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీని (స్టోరేజీ) రెండేళ్ల తర్వాత పెద్దది వేసుకోవచ్చు. బ్యాటరీ మార్చుకోవచ్చు. తెర, కీబోర్డు, బాడీ, చాలా సన్నని మోడళ్లలో ర్యామ్ కూడా, కొన్న రోజు ఎలా ఉన్నాయో చివరిదాకా అంతే. కాబట్టి డబ్బు ముందుగా వీటికి పోవాలి. మార్కెట్ మాత్రం మనల్ని తిరగేసి ఆలోచించేలా చేస్తుంది. ఐ7 అన్న స్టిక్కర్‌కూ, 1 టీబీ అన్న అంకెకూ డబ్బు పెట్టించి, కళ్లు నొప్పి పుట్టించే తెరను చేతికిస్తుంది.

తెలుగు చదివేవాళ్లకు తెర మరీ ముఖ్యం

చాలామంది 15.6 అంగుళాల తెరనే పెద్దదనుకుని కొంటారు, 14 అంగుళాలది చిన్నదని పక్కన పెడతారు. లెక్క వేసి చూస్తే సంగతి వేరుగా ఉంటుంది. తెర సైజు అంటే మూల నుంచి మూలకు కొలిచిన పొడవు. 15.6 అంగుళాల 16:9 తెర (వెడల్పు 16 భాగాలైతే ఎత్తు 9) ఎత్తు దాదాపు 7.6 అంగుళాలు. 14 అంగుళాల 16:10 తెర ఎత్తు 7.4. అంటే నిలువులో పోయేది పావు అంగుళం కూడా కాదు. తగ్గేదంతా అడ్డం వెడల్పులోనే. వర్డ్ ఫైల్ చదవడానికీ, కోడ్ రాయడానికీ, పీడీఎఫ్ నోట్స్ చూడడానికీ కావలసింది నిలువు ఎత్తే. అదే 14 అంగుళాల పాత 16:9 తెరైతే ఎత్తు 6.9కి పడిపోతుంది. కొనేటప్పుడు సైజు కంటే ముందు ఈ నిష్పత్తిని అడగాలి. 1920 బై 1200 అని ఉంటే 16:10. 1920 బై 1080 అని ఉంటే 16:9.

తెలుగు లిపికి ఇది ఇంకాస్త ఎక్కువగా పట్టింపు. పైన గుడులు, కింద ఒత్తులు, ఒక్కోసారి ఒత్తు కింద మరో ఒత్తు. ఇంగ్లిష్ కంటే మన వాక్యానికి వరుసకూ వరుసకూ మధ్య ఎక్కువ జాగా కావాలి. అదే తెర మీద ఇంగ్లిష్ పేజీ 40 వరుసలు చూపిస్తే తెలుగు పేజీ అన్ని చూపించలేదు. పైగా చుక్కల సాంద్రత తక్కువైతే ఒత్తులు అలుక్కుపోతాయి. 1366 బై 768 ఉన్న 14 అంగుళాల పాత తెరలో అంగుళానికి 112 చుక్కలు. 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో 141. 14 అంగుళాల 1920 బై 1200లో 162. మ్యాక్‌బుక్ ఎయిర్ ఎం1లో 227. షాపులో డెమో వీడియో చూసి తెరను అంచనా వేయలేం. బ్రౌజర్‌లో ఏదైనా తెలుగు దినపత్రిక పేజీ తెరిచి, అక్షరాలను చిన్నవి చేసి, ఒత్తులు విడివిడిగా కనిపిస్తున్నాయా అని చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

రంగుల మాటకొస్తే చవక తెరల వివరాల్లో ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని ఉంటుంది. తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత అది. వెబ్‌సైట్లూ ఫోటోలూ వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో అది సుమారు 60 శాతానికే సమానం. ఎరుపు ఇటుక రంగులోకి, పచ్చ పాలిపోయిన రంగులోకి జారుతుంది. ‘100 శాతం ఎస్‌ఆర్‌జీబీ’ లేదా ‘72 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని ఉన్నవి తీసుకోవాలి. వెలుగు విషయంలో 250 నిట్స్ (తెర వెలుగు కొలత) గది లోపలికి సరిపోతుంది. వరండాలోనో, రైల్లో కిటికీ పక్కనో పని చేసేవాళ్లకు 400 దగ్గర ఉండాలి. ఇప్పుడు మధ్యస్థ ధరల్లోకి కూడా ఓఎల్‌ఈడీ తెరలు వచ్చాయి. రంగులు అద్భుతంగా ఉంటాయి. అయితే వెలుగు తగ్గించినప్పుడు కొన్ని ప్యానెళ్లు కంటికి తెలియని వేగంతో మినుకుమంటాయి, కొందరికి దానివల్ల తలనొప్పి వస్తుంది. కదలని బొమ్మ చాలాకాలం ఉంటే ఓఎల్‌ఈడీ మీద దాని మచ్చ మిగిలిపోవచ్చు కూడా. అందుకే రోజంతా ఒకే ఎక్సెల్ షీటు తెరిచి ఉంచేవాళ్లకు మంచి ఐపీఎస్ (ఎల్‌సీడీలో మేలు రకం) తెరే నయం.

ర్యామ్, ప్రాసెసర్: అంకెల వెనక

ఈ రోజుల్లో విండోస్ ల్యాప్‌టాప్‌కు 16 జీబీ ర్యామ్ కనీసం. 8 జీబీతో పని నడవదని కాదు. బ్రౌజర్‌లో పదిహేను ట్యాబులు, ఒక వీడియో మీటింగ్, ఒక ఎక్సెల్ కలిస్తే నిండిపోతుంది. సన్నని మోడళ్లలో చాలావరకు ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించి వస్తుంది. తర్వాత పెంచుకునే దారి ఉండదు. పైగా 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి. ‘తర్వాత చూద్దాంలే’ అన్న లెక్క ఇప్పుడు కుదరదు. బడ్జెట్ ఎంత బిగువుగా ఉన్నా స్టోరేజీ దగ్గర తగ్గాలి తప్ప ర్యామ్ దగ్గర తగ్గకూడదు. 512 జీబీ బదులు 256 జీబీతో కొని, వీలైనప్పుడు ఎస్‌ఎస్‌డీ మార్చుకుంటే పోతుంది.

ప్రాసెసర్ పేర్లలో మాయ ఎక్కువ. ఇంటెల్ 12వ తరంలో ఐ5-1235యూ, ఐ7-1255యూ రెండింటిలోనూ కోర్లు (ప్రాసెసర్‌లో పని చేసే భాగాలు) పెద్దవి రెండు, చిన్నవి ఎనిమిదే ఉన్నాయి. వేగంలో తేడా కొంచెం. స్టిక్కర్ మారినందుకు ఇచ్చే వేలు అంతకు మించినవి. ఏఎండీ వైపు మరింత జాగ్రత్తగా ఉండాలి. రైజెన్ 7000 వరుసలో నాలుగు అంకెల్లో మూడోది ప్రాసెసర్ అసలు తరాన్ని చెబుతుంది. రైజెన్ 7 7840యూలో మూడో అంకె 4, అంటే ‘జెన్ 4’ అనే తరం. రైజెన్ 7 7730యూలో మూడో అంకె 3, అంటే అంతకు ముందు తరం. రైజెన్ 5 7520యూలో మూడో అంకె 2. పేరు కొత్తదే అయినా లోపల ఉన్నది నాలుగు కోర్ల జెన్ 2. మూడు పెట్టెల మీదా ‘7000 సిరీస్’ అనే రాసి ఉంటుంది. ఇంటెల్ కోర్ అల్ట్రా 200వీ వరుసలో మాత్రం పేరే ఉపయోగపడుతుంది. ఆ చిప్‌లలో ర్యామ్ ప్రాసెసర్ మీదే కలిసి వస్తుంది. 256వీ లాగా చివర 6 ఉంటే 16 జీబీ, 258వీ లాగా 8 ఉంటే 32 జీబీ.

‘ఏఐ పీసీ’ అన్న స్టిక్కర్ కోసం ప్రత్యేకంగా డబ్బు పెట్టనక్కర్లేదు. మామూలుగా వాడే ఏఐ సేవలు ఇంటర్నెట్‌లో, వేరే చోట ఉన్న సర్వర్ల మీద నడుస్తాయి.

రోహిణి కార్తెలో ల్యాప్‌టాప్

బయటి రివ్యూలు చల్లని గదుల్లో పరీక్షించి రాసినవి. తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తిలో మే నెల వేరు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో బయట 40 డిగ్రీలు దాటుతుంది. ఏసీ లేని మేడ మీద గదిలో మధ్యాహ్నం ఫ్యాను తిరిగేది వేడి గాలినే. మ్యాక్‌బుక్ ఎయిర్‌ను 10 నుంచి 35 డిగ్రీల వాతావరణంలో వాడాలని ఆపిల్ సంస్థే చెబుతుంది. చాలా విండోస్ ల్యాప్‌టాప్‌ల పరిమితి కూడా 35 డిగ్రీలే. అంటే ఇక్కడ ఏడాదిలో కొన్ని వారాల పాటు ల్యాప్‌టాప్ దాన్ని తయారు చేసినవాళ్లు గీసిన గీత అవతల పని చేస్తుంటుంది.

అలాంటప్పుడు అది పాడైపోదు, వేగం తగ్గించుకుంటుంది. చిప్ వేడెక్కుతుంటే తనంతట తాను నెమ్మదిస్తుంది. సన్నని బాడీలో పెద్ద ప్రాసెసర్ పెట్టిన మోడల్‌కు ఈ దెబ్బ ఎక్కువ. పేరు చివర ‘హెచ్’ ఉన్న ప్రాసెసర్లు 45 వాట్ల తరగతివి. 1.3 కిలోల బాడీలో దాన్ని ఇరికిస్తే వేసవిలో ఫ్యాన్ మోత తప్ప అదనపు వేగం నిలబడదు. ‘యూ’ అన్నవి ఎక్కువగా 15 వాట్ల తరగతివి. చిన్న ల్యాప్‌టాప్‌కు ఇవే సరి. ఫ్యాన్ లేని మ్యాక్‌బుక్ ఎయిర్ రాయడానికీ, చదవడానికీ, ఆన్‌లైన్ క్లాసులకూ ఎండాకాలంలోనూ బాగానే నడుస్తుంది. గంటసేపు వీడియో ఎడిటింగ్ పెట్టి కూర్చుంటే మాత్రం నెమ్మదిస్తుంది.

ప్రాసెసర్ కంటే బ్యాటరీని ఎండ ఎక్కువ తింటుంది. లిథియం బ్యాటరీకి వేడి, పూర్తి ఛార్జి కలిసి ఉండటం పడదు. ఇంట్లో టేబుల్ మీద రోజంతా ఛార్జర్ పెట్టి వాడేవాళ్లు 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే ఏర్పాటు ఉన్న మోడల్ తీసుకోవాలి. లెనోవో, డెల్, హెచ్‌పీ ఆఫీసు తరగతి ల్యాప్‌టాప్‌లలో ఈ సెట్టింగు దొరుకుతుంది. ఎండలో నిలిపిన కారులో ల్యాప్‌టాప్ వదిలి వెళ్లడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. వాడకుండా పక్కన పెట్టినప్పుడు కూడా ఎయిర్‌కు ఆపిల్ చెప్పిన గరిష్ఠ వేడి 45 డిగ్రీలు. మూసిన కారు లోపలి వేడి అంతకంటే పైకి సులువుగా పోతుంది. అలిపిరి దగ్గర కారు ఆపి కొండకు వెళ్లేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఆఫీసులు దించేసిన ల్యాప్‌టాప్‌లు

30 నుంచి 50 వేల మధ్య నిజమైన హై ఎండ్ తరగతి కావాలంటే ఉన్న పెద్ద దారి ఇదే. బెంగళూరు, చెన్నై, హైదరాబాద్‌లలో కంపెనీలు ఉద్యోగులకిచ్చే ల్యాప్‌టాప్‌లను సాధారణంగా మూడు నాలుగేళ్లకు మార్చేస్తాయి. లెనోవో థింక్‌ప్యాడ్ టీ, ఎక్స్ వరుసలు, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలీట్‌బుక్ లాంటివి. కొత్తగా ఉన్నప్పుడు లక్ష పైన ధర పలికిన మోడళ్లు వీటిలో చాలా ఉన్నాయి. చాలావాటికి మెగ్నీషియం లేదా అల్యూమినియం బాడీ, గట్టి హింజ్‌లు, మంచి కీబోర్డు. కొన్ని స్క్రూలు తీస్తే కింది మూత ఊడివస్తుంది, ఫ్యాన్‌లో దుమ్ము శుభ్రం చేసుకోవచ్చు. విడిభాగాలు ఏళ్ల తరబడి దొరుకుతాయి. అదే ధరకు వచ్చే కొత్త ప్లాస్టిక్ బాడీ ల్యాప్‌టాప్‌తో పోలిస్తే రోజూ బ్యాగులో తిరిగేవాళ్లకు ఇవే ఎక్కువ కాలం నిలుస్తాయి. తిరుపతి నుంచి ఏర్పేడు దాకా రోజూ వెళ్లొచ్చే ఐఐటీ, ఐసర్ పరిశోధకులకూ, చిత్తూరు నుంచి వారానికో రెండుసార్లు బెంగళూరు ఆఫీసుకు పోయొచ్చే ఐటీ ఉద్యోగులకూ ఇది చక్కటి దారి.

ఇప్పుడు సమయం కూడా అనుకూలంగా ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్ 8వ తరం లేదా ఆ పైది కావాలి. అందుకే 6, 7 తరాల ల్యాప్‌టాప్‌లను 12 వేలకు, 15 వేలకు ఇస్తామన్నా తీసుకోకూడదు. 2021, 2022లో వచ్చిన 11, 12 తరాలవి ఇప్పుడు పాత సరుకు మార్కెట్లోకి వస్తున్నాయి. మంచి సంగతి ఏంటంటే ఆఫీసు ల్యాప్‌టాప్‌లు 16:10 తెరకు మారింది కూడా దాదాపు ఆ ఏళ్లలోనే. థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ 9వ తరంలో, టీ14 మూడో తరంలో, ఎలీట్‌బుక్ 840 జీ9లో ఈ మార్పు వచ్చింది. డెల్ లాటిట్యూడ్ 7420, 7430 మాత్రం 16:9లోనే ఉండి 7440 దగ్గర మారాయి. మోడల్ పేరులో ఒక్క అంకె తేడా, తెరలో పెద్ద తేడా.

ర్యామ్ కూడా ఇలాగే ఒక్క అక్షరంలో మారిపోతుంది. థింక్‌ప్యాడ్ టీ14 తొలి రెండు తరాల్లో కొంత ర్యామ్ అతికించి, ఒక స్లాటు ఖాళీగా ఇచ్చారు. చివర ‘ఎస్’ చేరిన టీ14ఎస్ తేలిక, కానీ ర్యామ్ మొత్తం అతికించినదే. ఎక్స్1 కార్బన్‌లో ఏ తరంలోనూ స్లాటు లేదు, కాబట్టి 16 జీబీ ఉన్నదే తీసుకోవాలి. ఎలీట్‌బుక్ 840 జీ8లో, లాటిట్యూడ్ 5420లో రెండేసి స్లాట్లు ఉన్నాయి. స్లాట్లున్న ల్యాప్‌టాప్‌లో ఒకే ర్యామ్ కర్ర పెట్టి అమ్మితే గ్రాఫిక్స్ వేగం తగ్గుతుంది. 11, 12 తరాల ఐ5లో గ్రాఫిక్స్ పేరు ‘ఐరిస్ ఎక్స్‌ఈ’ అని చూపించాల్సిన చోట ‘యూహెచ్‌డీ’ అని కనిపిస్తే ర్యామ్ ఒకే స్లాటులో ఉందని గ్రహించవచ్చు.

ఎలీట్‌బుక్‌ల విషయంలో ఇంకో మాట. కొన్నిటిలో పక్కవాళ్లు చూడకుండా ఉండే ‘ష్యూర్ వ్యూ’ ప్రైవసీ తెర ఉంటుంది. బ్యాంకు అధికారికి అది ఉపయోగమేమో గానీ, ఇంట్లో వాడేవాళ్లకు అదొక బాధ. ఎదురుగా కూర్చున్నా అంచులు మసకగా, రంగులు పాలిపోయినట్టు ఉంటాయి. తెరను పక్క నుంచి చూసి, రెండు మూడు కోణాల్లో మార్చి పరీక్షించాకే బేరం మొదలుపెట్టాలి.

ఈ సరుకు చెన్నై రిచీ స్ట్రీట్‌లో, బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో ఎక్కువ దొరుకుతుంది. తిరుపతి నుంచి చెన్నైకి రైల్లో మూడు గంటల పైచిలుకు ప్రయాణం. చిత్తూరు నుంచి బెంగళూరు దాదాపు 180 కిలోమీటర్లు. అక్కడ రెండు మూడు వేలు తక్కువకు దొరకవచ్చు. తర్వాత ఏదైనా తేడా వస్తే మళ్లీ రానుపోను ఛార్జీలు, ఒక రోజు పని పోవడం కలిపితే ఆ మిగులు ఎగిరిపోతుంది. ఆరు నెలలో, ఏడాదో రాతపూర్వకంగా వారంటీ ఇచ్చే షాపు తిరుపతిలోనే ఉంటే, రెండు వేలు ఎక్కువైనా ఇక్కడ కొనడమే లాభం. నోటిమాట వారంటీని లెక్కలోకి తీసుకోకూడదు.

డబ్బు ఇచ్చే ముందు ఒక గంట

పాత ల్యాప్‌టాప్‌లో తెలివైన బేరం, మోసపోవడం రెండూ ఈ గంట మీదే ఆధారపడతాయి. అన్నిటికంటే ముఖ్యమైనది తాళం సంగతి. కంపెనీ నుంచి సరిగా విడుదల కాని ల్యాప్‌టాప్‌లు మార్కెట్లో తిరుగుతుంటాయి. షాపులో విండోస్ ఆన్ చేసి చూపిస్తే బాగానే ఉంటుంది. ఇంటికొచ్చి ఎప్పుడో రీసెట్ చేస్తే ‘మీ కంపెనీ ఐడీతో లాగిన్ అవ్వండి’ అని అడుగుతుంది. అక్కడితో ఆ ల్యాప్‌టాప్ ఆగిపోయినట్టే. కాబట్టి షాపులోనే పూర్తిగా రీసెట్ చేయించాలి. సెటప్ మధ్యలో వైఫై కూడా కలపాలి. ఇంటర్నెట్ తగిలితేనే ఆ కంపెనీ తాళం బయటపడుతుంది. తొందరపెట్టి ‘వైఫై తర్వాత పెట్టుకోండి సార్’ అంటే అనుమానించాల్సిందే. బయాస్‌లోకి (విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగుల తెర) వెళ్లి పాస్‌వర్డ్ ఏదీ లేదని కూడా చూడాలి. మ్యాక్ అయితే పాత యజమాని ఆపిల్ ఐడీ తీసేసి, యాక్టివేషన్ లాక్ పోయిందని నిర్ధారించుకోవాలి.

తర్వాత సీరియల్ నంబరు. బయాస్‌లో కనిపించే నంబరు, అడుగున స్టిక్కర్ మీది నంబరు ఒకటే అయి ఉండాలి. ఆ నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లో కొడితే వారంటీ తేదీలు వస్తాయి. లెనోవో, డెల్ సైట్లలో అయితే ఫ్యాక్టరీ నుంచి ఏ భాగాలతో బయటికొచ్చిందో కూడా తెలుస్తుంది. అక్కడ ఫుల్ హెచ్‌డీ తెర అని ఉండి చేతిలో ఉన్నది వేరేలా కనిపిస్తే మధ్యలో ఎవరో మార్చేశారు. ఒక్కోసారి మంచి వార్త కూడా దొరుకుతుంది. కొన్ని కంపెనీలు మొదట్లోనే మూడు నాలుగేళ్ల వారంటీ కొనిపెడతాయి, దానిలో కొన్ని నెలలు మిగిలి ఉండవచ్చు. కీబోర్డు మీద 4 అంకె దగ్గర రూపాయి గుర్తు ఉంటే ఇక్కడి మార్కెట్ కోసం చేసినదని ఎక్కువగా నమ్మవచ్చు. పౌండు గుర్తు, అరబిక్ అక్షరాలు ఉన్నవి విదేశాల నుంచి వచ్చిన పాత సరుకు. వాటికి ఇక్కడ వారంటీ దొరక్కపోవచ్చు.

బ్యాటరీ గురించి షాపువాళ్ల మాట అక్కర్లేదు, విండోస్‌లోనే బ్యాటరీ రిపోర్టు తీసే కమాండ్ ఉంది. అందులో ‘డిజైన్ కెపాసిటీ’, ‘ఫుల్ ఛార్జ్ కెపాసిటీ’ అని రెండు అంకెలు వస్తాయి. రెండోది మొదటిదానిలో 80 శాతం ఉంటే బాగున్నట్టు. 60 కంటే తక్కువైతే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగాలి. పాత ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ తగ్గి ఉండటం లోపం కింద లెక్క కాదు, మార్చుకోగలిగిన భాగం అది. అడుగు మూత ఉబ్బినట్టు, టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు ఉంటే మాత్రం ముట్టుకోకూడదు. ఉబ్బిన లిథియం బ్యాటరీ ప్రమాదకరం.

మిగతావి త్వరగా అయిపోతాయి. తెల్లటి తెర, నల్లటి తెర పెట్టి మచ్చలు చూడటం. ప్రతి కీ నొక్కటం. అన్ని పోర్టుల్లో పెన్‌డ్రైవ్ పెట్టడం. రెండు యూఎస్‌బీ-సీ పోర్టులుంటే రెండింటితోనూ ఛార్జింగ్ ఎక్కుతోందా అని చూడటం. కెమెరా, మైకు. మూతను ఒక మూల పట్టుకుని నెమ్మదిగా తెరిచి హింజ్ గట్టిగా ఉందా అని చూడటం.

మ్యాక్‌బుక్ ఎయిర్ ఎవరికి

2020 నవంబరులో వచ్చిన ఎం1 ఎయిర్ ఇండియాలో 92,900 రూపాయలకు మొదలైంది. 2024 నాటికి ఆన్‌లైన్ సేల్స్‌లో 60 వేల లోపుకు దిగింది. బరువు 1.29 కిలోలు, ఫ్యాన్ లేదు, తెర ఇప్పటికీ చక్కగా ఉంటుంది. పరిమిత బడ్జెట్‌లో హై ఎండ్ అనగానే చాలామందికి ఇదే గుర్తొస్తుంది, అందులో తప్పు లేదు. సమస్య 8 జీబీ ర్యామ్. మ్యాక్‌లో 8 జీబీ విండోస్‌లో కంటే మెరుగ్గా నడిచినా, ఇంకా మూడు నాలుగేళ్లు వాడాలనుకునేవాళ్లకు ఇరుకే. ర్యామ్, స్టోరేజీ రెండూ పెంచలేం. 2024 అక్టోబరు చివర్లో ఆపిల్ ఎం2, ఎం3 ఎయిర్‌లను అదే ధరకు 16 జీబీతో ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పటి తర్వాత అమ్ముడైన 16 జీబీ ఎం2 సెకండ్ హ్యాండ్‌లో దొరికితే 8 జీబీ ఎం1 కొత్తదాని కంటే అదే మెరుగైన కొనుగోలు. ఇంటెల్ చిప్ ఉన్న పాత మ్యాక్‌బుక్‌లు ఎంత చవకైనా వద్దు. 2025లో వచ్చిన మ్యాక్ఓఎస్ టాహో వాటికి చివరి వెర్షన్ అని ఆపిల్ ప్రకటించింది.

అయితే పనిని బట్టి మ్యాక్ అసలు కుదరనివాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. పెళ్లిపత్రికలు, కరపత్రాలు చేసే డీటీపీ వాళ్లు అను ఫాంట్లతో పని చేస్తారు. దాని స్క్రిప్ట్ మేనేజర్‌ను ఎక్కువగా విండోస్ మీదే వాడతారు. ట్యాలీ కూడా విండోస్‌దే. సివిల్ విద్యార్థులు వాడే రెవిట్, మెకానికల్ వాళ్ల సాలిడ్‌వర్క్స్ అంతే. ట్యాక్స్ కన్సల్టెంట్లు వాడే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లకు డ్రైవర్ల (పరికరాన్ని కంప్యూటర్‌తో పని చేయించే సాఫ్ట్‌వేర్) చిక్కు వస్తుంటుంది. ఇదే కారణం చేత స్నాప్‌డ్రాగన్ చిప్‌తో (ఇంటెల్, ఏఎండీలకు భిన్నమైన రకం) వచ్చే విండోస్ ల్యాప్‌టాప్‌లను కూడా ఆచితూచి కొనాలి. బ్యాటరీ చాలాసేపు వస్తుంది, కానీ పరికరాల డ్రైవర్లు ఆ చిప్ కోసమే ప్రత్యేకంగా రాసినవై ఉండాలి. పాత ప్రింటరో, టోకెనో పని చేయకపోతే ఎంత మంచి బ్యాటరీ అయినా ఏం లాభం?

బిల్లు, సర్వీసు

కొత్తది కొనేవాళ్లలో సాధారణ పద్ధతిలో జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న వ్యాపారులకు ఒక మేలు ఉంది. ల్యాప్‌టాప్ మీద పన్ను 18 శాతం. 59,000 బిల్లులో 9,000 పన్నే. వ్యాపారం కోసం వాడేదైతే, బిల్లు మీద తమ జీఎస్టీ నంబరు వేయించుకుంటే ఆ 9,000 ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాము కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గింపుగా, తిరిగొస్తుంది. అంటే నిజమైన ఖర్చు 50 వేలు. ఈ లెక్క వేస్తే సెకండ్ హ్యాండ్‌కూ కొత్తదానికీ దూరం బాగా తగ్గుతుంది, అలాంటివాళ్లకు కొత్తదే మేలు. విద్యార్థులకు ఆపిల్‌తో పాటు మరికొన్ని కంపెనీలు కూడా రాయితీ ధరలిస్తాయి. కాలేజీ ఐడీ కార్డు చేతిలో ఉంచుకుని అడగాలి.

సర్వీసు విషయంలో షాపువాళ్లు ‘ఇక్కడే ఉంది’ అనడం సరిపోదు. కంపెనీ వెబ్‌సైట్‌లో తిరుపతి 517501, చిత్తూరు 517001 పిన్‌కోడ్ కొట్టి, అధీకృత కేంద్రం ఎంత దూరంలో ఉందో, ఇంటికి వచ్చి చేసే ఆన్‌సైట్ సర్వీసు ఈ పిన్‌కోడ్‌కు వర్తిస్తుందో లేదో చూసుకోవాలి. పలమనేరు, కుప్పం వైపు ఉండేవాళ్లకు బెంగళూరు కేంద్రమే దగ్గర కావచ్చు. ఆన్‌సైట్ వారంటీ ఉన్న మోడల్‌కు కొంచెం ఎక్కువ పెట్టడం ఈ జిల్లాల్లో పెద్ద నగరాల కంటే ఎక్కువ అర్థవంతమైన ఖర్చు.

మొత్తం మీద 30 నుంచి 45 వేల దాకా ఉన్నవాళ్లు 2021, 2022 నాటి ఆఫీసు తరగతి 14 అంగుళాలది, 16 జీబీతో, రాతపూర్వక వారంటీతో చూసుకోవాలి. 45 నుంచి 65 వేల మధ్య ఉంటే 16 జీబీ సెకండ్ హ్యాండ్ ఎయిర్‌కూ, కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌కూ మధ్య నిర్ణయం. ఆ కొత్తదానిలో ప్రాసెసర్ ఒక మెట్టు తక్కువైనా 16:10, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ తెర ఉండాలి. 30 వేల లోపు మాత్రమే ఉంటే సన్నగా ఉండాలన్న ఆశను కాస్త పక్కన పెట్టి, లాటిట్యూడ్ 5420 లాంటి 1.4 కిలోల గట్టి ల్యాప్‌టాప్‌ను ఎంచుకోవడం నిజాయితీ గల సలహా.

ఏది కొన్నా ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్ డబ్బును బడ్జెట్‌లో ముందే తీసి పక్కన పెట్టాలి. స్టోరేజీ బోర్డుకే అతికించి వచ్చే మోడళ్లలో బోర్డు పోతే ఫైళ్లూ దాంతోనే పోతాయి. పాత ల్యాప్‌టాప్‌లో ఉన్న ఎస్‌ఎస్‌డీ ఎంతకాలం వాడినదో కూడా మొదటి రోజే పరీక్షించుకోవాలి. థీసిస్ రాస్తున్న పద్మావతి వర్సిటీ విద్యార్థిని దగ్గర ల్యాప్‌టాప్ కంటే విలువైనది ఆ థీసిస్ ఫైలు. వారానికోసారి దాని కాపీ వేరే చోటికి వెళ్లే ఏర్పాటు కొన్న రోజే చేసుకోవాలి.